ఒడ్డు కనబడని నీళ్ళు

తిష్రే 27

మా ఊళ్ళో చుక్క వాన పడలేదు. ఇది ముందు రాసుకోవాలి. నిన్న పొద్దున్నుంచీ ఎండ కాస్తూనే ఉంది. మా ఆవిడ ఫ్రేహా దుప్పట్లు ఉతికి ఆరేస్తే మధ్యాహ్నానికల్లా ఆరిపోయాయి. నేను షాపులో లారీ టైరు విప్పుతున్నాను. వాన పడింది ఎక్కడో పడమటి కొండల మీద. ఆ నీళ్ళు మా ఎండు వాగులోకి దిగాయి.

మా అబ్బాయి యోఖాయి జీపు దొరికింది. వాగు మలుపులో, రాళ్ళ మధ్య తలకిందులుగా పడి ఉంది. డ్రైవరు వైపు తలుపు తెరిచి ఉంది. తెరిచి ఉందంటే దిగాడనే కదా. వాడికి ఈత బాగా వచ్చు.

లోపల లేడు.

తిష్రే 28

స్వేలెం షాపుకి వచ్చాడు. వాగు అవతల డేరాల్లో ఉంటాడు, మేకలు కాస్తాడు. వాడి పికప్ బండికి ఎప్పట్నుంచో నేనే పంక్చర్లు వేస్తున్నాను. ఈరోజు బండి బాగు చెయ్యమని రాలేదు. పాత టైర్ల కుప్ప పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అబూ యోఖాయీ, వాగు లోపల ఫోను పనిచెయ్యదు," అన్నాడు. వాడెప్పుడూ నన్ను వాళ్ళ భాషలో యోఖాయి నాన్నా అనే పిలుస్తాడు. "నీ కొడుకు పైన గొట్టాల దగ్గర పని చేసుకుంటున్నాడంట. వరద దిగుతోందని వాళ్ళ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. నేను మేకల్తో వాగులో ఉన్నానని వాడికి తెలుసు. హారన్ కొట్టుకుంటూ లోపలికొచ్చేశాడు. 'పైకెక్కు, పైకెక్కు' అని ఒకటే అరుపు. నేను మేకల్ని తోలుకుంటూ ఎక్కాను. తిరిగి చూస్తే జీపు చక్రం కంకర్లో దిగబడిపోయింది."

"దిగి పరిగెత్తొచ్చుగా?"

"దిగాడు. అప్పటికే నీళ్ళొచ్చేశాయి."

"మునగడం చూశావా?"

"చెయ్యి చూశాను."

"చెయ్యి పైకుందా?"

"పైకే ఉంది. ఆ తర్వాత బురద నీళ్ళు తప్ప ఏం కనబళ్ళేదు. అవతలి ఒడ్డు కూడా కనబళ్ళేదు."

"మేకలు?"

తల దించుకున్నాడు. "అన్నీ ఉన్నాయి."

వాడికి టీ ఇవ్వలేదు. ఎప్పుడొచ్చినా ఇచ్చేవాణ్ణి.

చెయ్యి పైకే ఉందన్నాడు.

తిష్రే 29, శబ్బాత్ ముగిశాక

నిన్న పొద్దుగుంకి శబ్బాత్ విశ్రాంతి మొదలవకముందే వెతికేవాళ్ళు తాళ్ళు చుట్టేసుకుని వెళ్ళిపోయారు. ప్రాణం కాపాడటానికైతే శబ్బాత్ నాడు కూడా బండి నడపొచ్చు, ఫోను మాట్లాడొచ్చు, గునపం పట్టొచ్చు. శవం కోసమైతే ఆగాలి. వాళ్ళు ఆగారు. నాతో ఎవరూ ఏమీ అనలేదు. ఆగారంతే.

నేను ఆగలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి శబ్బాత్ నాడు బండి తాళం తిప్పాను. ప్రార్థనా మందిరం ముందునుంచే పోయాను. మెట్ల మీద నిలబడ్డవాళ్ళు చూశారు. చూడనీ.

యోఖాయి బతికున్నాడు కాబట్టి నేను శబ్బాత్ తప్పినట్టు కాదు. వాడు లేకపోతేనే తప్పినట్టు. నేను తప్పలేదు.

హెష్వాన్ 3

చావు జరిగిన ఇంట్లోలా మా అద్దానికి దుప్పటి కప్పి ఉంది. నేను తీసేశాను. ఫ్రేహా మళ్ళీ కప్పింది. మళ్ళీ తీశాను.

రబ్బీ ఎల్కనాని పిలిపించింది. మా యోఖాయి కన్నా చిన్నవాడు, గడ్డం ఇంకా పూర్తిగా నిండలేదు. మా ఊళ్ళో పెళ్ళికీ చావుకీ ఇప్పుడు వాడే దిక్కు. కాఫీ ముట్టుకోకుండా కూర్చున్నాడు.

"మఖ్లూఫ్ గారూ, శవం దొరికితే పూడ్చినప్పట్నుంచి నేల మీద కూర్చునే ఏడు రోజుల సంతాపం మొదలవుతుంది. దొరక్కపోతే, ఇంట్లోవాళ్ళు ఆశ వదులుకున్నప్పట్నుంచి."

"ఆశ వదులుకోవడమంటే ఏం చెయ్యాలి బాబూ?" అంది ఫ్రేహా. "ఎక్కడన్నా సంతకం పెట్టాలా? నేను ఆ జీపు చూసినప్పుడే వదులుకున్నాను. నన్ను నేల మీద కూర్చోనివ్వండి. నా కొడుకు కోసం నన్ను ఏడవనివ్వండి."

"ఇంటి పెద్ద కూడా..." అని రబ్బీ ఆగిపోయాడు.

ఇద్దరూ నావైపు చూశారు. నేను లేచి వెళ్ళి అద్దం తుడిచాను.

హెష్వాన్ 7

పర్ణశాలల పండగ ఎనిమిదో రోజున మందిరంలో వాన ప్రార్థన పాడింది నేనే. ప్రతి ఏడూ నేనే పాడతాను, మా నాన్న తర్వాత నేను. మూడేళ్ళుగా సరిగ్గా వానల్లేవు. అందుకే ఈసారి గొంతు చించుకుని పాడాను. "మఖ్లూఫ్, ఇవాళ ఆకాశం వినక చస్తుందా!" అని వెనక బెంచీలోంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది జరిగిన వారంలోనే వరదొచ్చింది.

ఇక నిన్న సాయంత్రం నుంచి రోజువారీ ప్రార్థనలో వాన ఇమ్మని అడిగే మాటలు కలపాలి. పండగైపోగానే ఎందుకు కలపరంటే, పూర్వం యెరూషలేము వచ్చిన యాత్రికుల్లో ఆఖరివాడు ఇల్లు చేరేదాకా ఆగాలని పెద్దలు పెట్టారు. వాడెవడో, ఎక్కడో నదికి అవతల ఊరివాడు, దారిలో తడవకూడదని దేశం దేశమంతా రెండు వారాలు వాన అడక్కుండా ఆగుతుంది. చిన్నప్పుడు మా నాన్న ఇది చెబితే నాకు కళ్ళనీళ్ళొచ్చేవి. ఎంత దయగల దేవుడో అని.

నిన్న ఆ మాటలు మరిచిపోయాను. మరిచిపోతే ప్రార్థన మొదటినుంచి మళ్ళీ చెయ్యాలి. చేశాను. అక్కడికొచ్చేసరికి మళ్ళీ మరిచిపోయాను.

హెష్వాన్ 8

మరిచిపోయాను.

హెష్వాన్ 9

మరిచిపోయాను. ముందు నిలబడి ప్రార్థన చేయించే పని ఇంకెవరికైనా ఇమ్మని చెప్పాను. గొంతు బాగాలేదన్నాను.

హెష్వాన్ 15

గ్రిషా వచ్చాడు. ఉప్పు కార్ఖానా లారీ తోలుతాడు, నోరు విప్పితే మూయడు. వెనక టైరు మారుస్తుంటే చెప్పాడు. మా వాగు కలిసే ఉప్పు సముద్రం ఒడ్డు హోటళ్ళలో పనికొచ్చే అవతలి దేశపు మనిషెవరో అతనితో అన్నాడట, వరద తర్వాత అటుపక్క ఉప్పు బయళ్ళలో ఒక గొర్రెల కాపరికి బూటు దొరికిందని.

"ఎలాంటి బూటు?"

"నాకేం తెలుసన్నా? బూటంటే బూటు."

"పని బూటా? గొట్టాల పనివాళ్ళు వేసుకునేదా?"

"అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చా, అవునా?"

నా మొహం చూసి, "అవుననే అనుకుంటా," అన్నాడు.

హెష్వాన్ 18

మందిరంలో అందరికీ చెప్పాను. యోఖాయి బూటు దొరికిందని. అవతలి ఒడ్డున. అంటే వాడు అంతదూరం చేరాడు.

హెష్వాన్ 24

బూటు విప్పాలంటే తాళ్ళు విప్పాలి. వాడు తాళ్ళు బిగించి రెండు ముళ్ళు వేస్తాడు, చిన్నప్పుడు నేనే నేర్పాను. నీళ్ళు లాగితే ఊడే ముడి కాదది. కూర్చుని విప్పుకోవాలి. కూర్చుని విప్పుకున్నాడంటే ప్రాణంతో ఉన్నాడు. కాపరి అలాంటి మనిషిని చూడకుండా ఎలా ఉంటాడు? గ్రిషా చెప్పినదానికి అర్థం అదే. నేనే సరిగ్గా వినిపించుకోలేదు.

కిస్లేవ్ 2

కాపరి డేరాలో ఒక మనిషి ఉన్నాడు. పొడుగు మనిషి. తలకి దెబ్బ తగిలి మాట పోయింది, తానెవరో చెప్పుకోలేడు. రొట్టెల దుకాణంలో ఇది చెబితే దుకాణం అతను రొట్టెకి డబ్బులు తీసుకోలేదు.

కిస్లేవ్ 3

కోడలు హోదయా పిల్లని మా దగ్గర దింపి వెళ్ళింది. గెఫెన్‌కి నాన్న పోలికే, అదే పొడుగు మెడ. నేల మీద బొమ్మలు పరుచుకుని ఆడుతోంది, ఉన్నట్టుండి తలెత్తింది.

"తాతా, దేవుడికి ఈతొచ్చా?"

"ఆయనకి రానిది లేదమ్మా."

"మరి నాన్నని ఎందుకు పట్టుకోలేదు?"

వంటింట్లో గిన్నె కిందపడ్డ చప్పుడైంది. ఫ్రేహా దాన్ని తియ్యలేదు.

కిస్లేవ్ 8

మంగళవారం మంగళవారం రబ్బీ మందిరంలో ప్రశ్నలు తీసుకుంటాడు. ఎవరికేం సందేహం ఉన్నా అడగొచ్చు. మామూలుగా కోషర్ సంగతులు, తిండి నియమాలు అడుగుతారు, పాల గిన్నెలో మాంసం గరిటె పడితే ఏం చెయ్యాలని. ఈరోజు ఎవరో ఆడమనిషి అడిగింది: జబ్బులూ భూకంపాలూ వరదలూ ఇవన్నీ దేవుడు పంపేవేనా, లేక ప్రకృతి చేసేవా?

అడిగి, నేను వెనక కూర్చోవడం చూసి నాలిక కరుచుకుంది. రబ్బీ కూడా చూశాడు. అయినా జవాబు చెప్పాడు, దాటెయ్యలేదు. అది మెచ్చుకోవాలి.

"దొంగనీళ్ళు పెట్టి పెంచినా టమాటా కాస్తుంది," అన్నాడు. "దొంగ పెట్టిన నీళ్ళని మొక్క వద్దనదు. ఆయన సృష్టికి ఒక నడక పెట్టాడు, అది అలాగే నడుస్తుంది. నీళ్ళు పల్లానికి పోతాయి. అక్కడ మంచివాడున్నాడా చెడ్డవాడున్నాడా అని చూడవు. దాన్ని శిక్ష అనుకోకండి."

నేను లేచాను.

"అయితే మొన్న పండక్కి వాన ఎవర్ని అడిగాం? పల్లాన్నా?"

బెంచీల మధ్యనుంచి ముందుకి నడిచాను.

"వాన ఆయనదైతే వరదా ఆయనదే. వరద ఆయనది కాకపోతే వానా ఆయనది కాదు. అప్పుడు నేను తెల్ల శాలువా కప్పుకుని, అక్కడ నిలబడి, ఎవడూ లేని ఆకాశానికి పాడాను. రెండిట్లో ఏదో ఒకటి చెప్పు. ఏది చెప్పినా వింటాను."

"చెప్పలేను, మఖ్లూఫ్ గారూ."

"చెప్పలేనివాడివి అక్కడెందుకు కూర్చున్నావు?"

కుర్రాడి మొహం ఎర్రబడింది. "మీరు అడగడం మానేస్తారేమోనని," అన్నాడు.

ఆ మాటకి నాకు ఇంకా కోపం వచ్చింది. ఎందుకో తెలీదు. అయినా ఇదంతా మాట వరసకి అడిగింది. యోఖాయి కాపరి దగ్గర ఉన్నాడు.

కిస్లేవ్ 14

స్వేలెం ఇంకా రోజూ వాగంట నడుస్తున్నాడు. వెతికేవాళ్ళందరూ మానేశారు, వాడు మానలేదు. కర్రతో ఒండ్రు పొడుచుకుంటూ, గద్దలు ఎక్కడ తిరిగితే అక్కడికి పోతాడు. ఈరోజు వెళ్ళి చెప్పాను, ఒండ్రులో కాదు, అవతలి దేశంలో వెతకాలని.

"అబూ యోఖాయీ, నేను అటుపక్క మా చుట్టాలందర్నీ అడిగాను," అన్నాడు. "అక్కడ ఏ డేరాలోనూ కొత్త మనిషి లేడు."

"నీ చుట్టాలకేం తెలుసు?"

"మా వాళ్ళ డేరాలో మాకు తెలీని అతిథి ఉంటాడా?"

వాడి మేకలు గట్టు మీద గడ్డి పీకుతున్నాయి. ఒక రాయి తీసి విసిరాను. దేనికీ తగల్లేదు. వాడు మేకల్ని కొంచెం దూరంగా తోలుకున్నాడు.

కిస్లేవ్ 27

దీపాల పండగ. ఎదురింటి కిటికీలో దీపాలు వెలుగుతున్నాయి. మా కిటికీలో ఫ్రేహా పెట్టలేదు, నేనూ పెట్టలేదు.

తేవేత్ 1

హోదయా షాపుకి వచ్చింది. ఎప్పుడూ ఇక్కడికి రాదు, గ్రీజు వాసన పడదంటుంది. కంప్రెసర్ ఆపమని చేత్తో సైగ చేసింది.

"మామయ్యా, ఆ మనిషిని మీరు చూశారా?"

"ఏ మనిషిని?"

"కాపరి దగ్గరున్న పొడుగు మనిషిని. మాట పోయినవాణ్ణి. చూశారా?"

"గ్రిషా చెప్పాడు."

"గ్రిషా దగ్గరికి నేను వెళ్ళొచ్చాను. బూటన్నాడు. ఒక బూటు, ఎవరిదో తెలీదు, అతను కూడా చూళ్ళేదు."

నేను టైరు లీవరు తీసి గుడ్డతో తుడిచాను.

"మూడుసార్లు బేర్షెబా మతకోర్టు మెట్లెక్కాను," అంది. "వాళ్ళకి నీళ్ళు రెండు రకాలట. చెరువులాంటివి, నాలుగు ఒడ్లూ కనబడతాయి. మునిగినవాడు తేలకపోతే పోయినట్టే. ఒడ్డు కనబడని నీళ్ళు వేరట. మనం చూడని చోట ఎక్కడో గట్టెక్కి ఉండొచ్చు, అందుకని పెళ్ళాం పెళ్ళామే. జీవితాంతం. అయినా స్వేలెం సాక్ష్యం చూసి, జీపు చూసి, ఒప్పుకునేలా ఉన్నారు. ఇంతలో ఎవరో చెప్పారు వాళ్ళకి, అవతలి ఒడ్డున మనిషి ఉన్నాడని మీరే ఊరంతా చెబుతున్నారని. ఫైలు మూసేశారు."

"నీకు అంత తొందరేమిటి?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"నన్ను విధవ అని పిలవండి అని కోర్టు చుట్టూ తిరుగుతున్నాను మామయ్యా. నాకేదో ఇంకో పెళ్ళికొడుకు కాచుక్కూర్చున్నాడని కాదు. గెఫెన్ రోజూ పొద్దున్నే తలుపు దగ్గరికెళ్ళి చూస్తోంది. మా నాన్న ఉన్నాడా, లేడా అని అడుగుతోంది. ఏం చెప్పను? మీరు ఉన్నాడంటారు, అత్తయ్య లేడంటుంది, కోర్టువాళ్ళు తెలీదంటారు. ఆయన మనుషుల్ని కాపాడటానికి వాగులోకి దిగి పోయాడు. అది కూడా ఆయనకి దక్కనివ్వరా? పెళ్ళాం పిల్లని వదిలి, ఎవరి డేరాలోనో పడుకున్నవాణ్ణి చేస్తారా?"

వెళ్ళిపోయింది. కంప్రెసర్ మళ్ళీ వేశాను. చప్పుడుంటే నయం.

తేవేత్ 3

బూటు.

తేవేత్ 6

రాయాలి.

పొద్దున్నే బేర్షెబా వెళ్ళాం. రబ్బీ ఎల్కనా కోర్టువాళ్ళకి చెప్పి ఫైలు మళ్ళీ తెరిపించాడు, తన కార్లో తీసుకెళ్ళాడు. నేను ముందు, ఫ్రేహా హోదయా వెనక. స్వేలెం వాడి బండిలో వచ్చాడు.

ముగ్గురు న్యాయమూర్తులు. నడిమాయన ముసలాయన, చెవి సరిగ్గా వినబడదు, ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి. ముందు స్వేలెంని పిలిచారు. వాడు జరిగింది జరిగినట్టు చెప్పాడు. చెయ్యి చూశానన్నాడు. ఆ తర్వాత నాకు చెప్పని ముక్క ఒకటి చెప్పాడు.

"చెయ్యి ఊపుతున్నాడనుకున్నాను. కాదు. ఇంకా పైకెక్కమని నన్ను తోస్తున్నట్టు ఊపాడు. నేను ఎక్కాను. నేను ఎక్కిందాకా చూసి అప్పుడు పోయాడు."

వాడు ఈ మాట నాకు ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. నేను మేకల సంగతి అడిగాను కాబట్టి.

తర్వాత నన్ను పిలిచారు.

"మీ అబ్బాయి బతికున్నాడని మీరు అంటున్నారట."

"అన్నానండీ."

"ఆ?"

"అన్నాను."

"ఎవరు చూశారు?"

బల్ల మీద గాజు గ్లాసులో నీళ్ళున్నాయి. దాని వైపే చూస్తూ నిలబడ్డాను. ఉన్నాడంటే, ఉంటాడు. నేను ఉన్నాడన్నంతకాలం ఈ భూమ్మీద ఎవరూ వాణ్ణి పూడ్చలేరు. కానీ హోదయా పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది. వాడు పెళ్ళిలో ఆమె ముసుగు ఎత్తి చూసినప్పుడు ఎలా నవ్వాడో నాకు గుర్తుంది. వాడే ఇక్కడ ఉంటే ఏం చెప్పమనేవాడో తెలుసుకోవడానికి నాకు ఏ రబ్బీ అక్కర్లేదు.

"ఎవరో బూటు చూశారని ఒక లారీ డ్రైవరు చెప్పాడు," అన్నాను. "బూటు నేను చూళ్ళేదు. అతనూ చూళ్ళేదు."

"మరి మనిషి?"

"మనిషి లేడు."

"గట్టిగా చెప్పండి."

మందిరంలో వాన ప్రార్థన పాడిన గొంతు ఇది. గది దద్దరిల్లేలా చెప్పాను. "మనిషి లేడు. నేనే కల్పించాను. నా కొడుకు నీళ్ళలో పోయాడు."

ముసలాయన కళ్ళజోడు తీశాడు. "తీర్పు కాగితం తర్వాత వస్తుంది. మీరు ఇంటికెళ్ళి నేల మీద కూర్చోండి, మఖ్లూఫ్ గారూ," అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు, అయినా వినబడింది.

బయట వరండాలోనే సంతాపానికి బట్ట చించుకోవాలని ఫ్రేహా అంది. ఇక ఆగనంది. నా చొక్కా కాలరు నా చేతులకి చిరగలేదు. ఇనప రిమ్ములు వంచే చేతులు. ఫ్రేహా దగ్గరికొచ్చి పళ్ళతో కుట్టు కొరికింది. అప్పుడు చిరిగింది. న్యాయం చేసేవాడికి స్తోత్రం అని ఆ సమయంలో అనాలి. పెదాలు కదిలాయి. అన్నానో లేదో నాకే తెలీదు.

స్వేలెం మెట్ల కింద నిలబడి ఉన్నాడు. నేను వెళ్ళి వాడి భుజం పట్టుకున్నాను. ఏదో చెబుదామనుకున్నాను. వాడే నన్ను పట్టుకున్నాడు.

తేవేత్ 8

జనం వస్తున్నారు. ఉడికించిన గుడ్లూ, పప్పూ, రొట్టే తెస్తున్నారు. ఫ్రేహా ఏడుస్తోంది. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఏడుస్తోంది. హోదయా ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది.

తేవేత్ 10

మా ఊళ్ళో వాన మొదలైంది. సన్నగా, చప్పుడు లేకుండా పడుతోంది.

ఎల్కనా నా పక్కన నేల మీద కూర్చున్నాడు. జవాబు దొరికిందా అని అడిగాను. లేదన్నాడు. నాకూ దొరకలేదన్నాను.

తేవేత్ 14

మొన్న ఏడో రోజు పొద్దున, సంతాపం ముగిసింది, లేవండి అన్నారు. లేచాం. వీధి చివరిదాకా నడిచి వచ్చాం.

ఈరోజు ఫ్రేహా చెప్పకుండా ఎక్కడికో వెళ్ళింది. మధ్యాహ్నం సంచితో వచ్చింది. వాగు నుంచి. ఒండ్రు పేరుకున్న చోటల్లా ఖుబ్బేజా ఆకుకూర మోకాలెత్తు మొలిచిందట, గుండ్రటి ఆకులు, ఎవరూ నాటకుండా.

"ఆ నీళ్ళకి మొలిచింది ఇంట్లోకి తెచ్చావా?" అన్నాను.

"ఏ నీళ్ళకి మొలిస్తే తెమ్మంటావయ్యా?" అంది.

ఆకు నాలుగైదు నీళ్ళు కడిగింది. సన్నగా తరిగింది. వెల్లుల్లి వేసి, నూనెలో మగ్గబెట్టి, నిమ్మకాయ పిండింది. మా అమ్మ వండినట్టే వండింది. రెండు కంచాల్లో పెట్టింది. నేను కూర్చున్నాను గానీ చెయ్యి పెట్టలేదు. నేలలో పండినదాన్ని తినేముందు దాన్ని చేసినవాణ్ణి స్తుతించాలి. నా నోరు పెగల్లేదు.

ఫ్రేహా నాకోసం ఆగలేదు. తనే ఆ స్తోత్రం పైకి చెప్పింది. గొంతులో కోపం ఉంది, ఎవర్నో నిలదీస్తున్నట్టుంది. ఆఖరి మాట దాకా చెప్పి, నావైపు చూసింది.

ఆమేన్ అన్నాను.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అన్ని నీళ్ళు కడిగినా ఎక్కడో ఇసుక ఉండిపోయింది. పంటి కింద కరకరమంది. ఆ వాగు ఇసుక. ఫ్రేహా కూడా నమలడం ఆపింది, తన నోట్లోనూ తగిలినట్టుంది.

ఇద్దరం ఉమ్మెయ్యలేదు.